పన్ను లేని మూడు రోజులు... పర్సు జాగ్రత్త!

అమెరికాలో అడుగుపెట్టిన కొత్తలో మనవాళ్లను తికమక పెట్టేవాటిలో దుకాణం బిల్లు ఒకటి. చొక్కాకు తగిలించిన చీటీ మీద 20 డాలర్లని ఉంటుంది. కౌంటర్ దగ్గరికి వెళ్తే 21 డాలర్ల 65 సెంట్లు కట్టమంటారు. మన ఊళ్లో సబ్బుబిళ్ల మీదైనా ఎమ్మార్పీ అని వేసి, పన్నులన్నీ అందులోనే కలిపేస్తారు. దుబాయ్‌లోనూ అంతే, వ్యాట్ కలుపుకునే ధర రాస్తారు. ఇక్కడ మాత్రం సేల్స్ టాక్స్ ఆఖర్న వచ్చి బిల్లులో కూర్చుంటుంది. చీటీ చూసి జేబులో డబ్బు లెక్కపెట్టుకున్నవాడు కౌంటర్ దగ్గర ఒక వస్తువు వెనక్కి ఇచ్చేయాల్సి వస్తుంది.

మేముండేది టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ చుట్టుపక్కల. ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వం వాటా 6.25 శాతం. దాని మీద నగరం, రవాణా సంస్థ లాంటివి కలిపి మరో 2 శాతం దాకా వేసుకోవచ్చు. డాలస్‌లోనూ, హూస్టన్‌లోనూ మొత్తం 8.25 శాతం పడుతుంది. అంటే వంద డాలర్ల సరుకుకు ఎనిమిదింపావు డాలర్లు పన్ను.

అమెరికా తెలుగువాళ్లంటే సాఫ్ట్‌వేర్ వాళ్లేనని మన ఊళ్లో అనుకుంటారు. మేం బిల్డింగు పనుల మీద ఉన్నవాళ్లం. సివిల్ డిప్లొమా చేసి కొందరం గల్ఫ్ మీదుగా వచ్చాం, కొందరం బంధువుల ద్వారా వచ్చాం. సూపర్‌వైజర్లమనే పేరే గానీ, మాలో చాలామందికి గంటల లెక్కనే జీతం. వాన పడితే పని ఆగుతుంది, పని ఆగితే చెక్కు తగ్గుతుంది. ఇంటి అద్దె, కారు వాయిదా, ఊరికి పంపాల్సిన డబ్బు మాత్రం తగ్గవు. అలాంటి మాకు వందకు ఎనిమిది డాలర్లు చిన్న మాట కాదు. అందుకే ఏటా ఆగస్టులో వచ్చే మూడు రోజుల పన్ను సెలవు కోసం చూస్తుంటాం. 'సేల్స్ టాక్స్ హాలిడే' అంటారు దాన్ని. అందులో లాభం ఎంత, మోసపోయే చోట్లు ఎక్కడ అన్నది అనుభవం మీద తెలుసుకున్నంత వరకు ఇక్కడ చెబుతున్నాం.

ఎలా మొదలైంది?

న్యూయార్క్ వాళ్లు బట్టలు కొనడానికి పక్కనున్న న్యూజెర్సీకి పోయేవారు. అక్కడ బట్టల మీద పన్ను లేదు. వ్యాపారం చేజారుతోందని న్యూయార్క్ రాష్ట్రం 1997 జనవరిలో ఒక వారం పాటు బట్టల మీద పన్ను తీసేసి చూసింది. జనం ఎగబడ్డారు. తర్వాత 1998లో ఫ్లోరిడా, 1999లో టెక్సాస్ ఇదే దారి పట్టాయి. బడి తెరిచే ముందు తల్లిదండ్రులకు కాస్త ఊరట అన్న పేరుతో చాలా రాష్ట్రాల్లో ఇది జూలై, ఆగస్టు నెలల్లో పండగలాగా స్థిరపడిపోయింది.

ఇది అన్ని వస్తువులకూ వర్తించదు. ఏ వస్తువు, ఎంత ధర లోపు, ఏ రోజుల్లో అనేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే రాసుకుంటుంది. ఒక రాష్ట్రంలో విన్నది పక్క రాష్ట్రంలో పనికిరాదు.

టెక్సాస్ లెక్క ఇదీ

ఆగస్టులో బడులు తెరవకముందు ఒక శుక్రవారం తెల్లవారగానే మొదలై, ఆదివారం అర్ధరాత్రితో ముగుస్తుంది. 2025లో ఆగస్టు 8 నుంచి 10 వరకు వచ్చింది. తేదీలు ఏటా కొంచెం మారతాయి. రాష్ట్ర పన్నులు చూసే కంప్ట్రోలర్ కార్యాలయం వెబ్‌సైట్‌లో తేదీలతో పాటు వస్తువుల జాబితా కూడా పెడతారు.

బట్టలు, చెప్పులు, బూట్లు, పిల్లల బడి సామాన్లు, బడి సంచులు... ఒక్కో వస్తువు ధర 100 డాలర్ల లోపు ఉంటే పన్ను లేదు. బిల్లు మొత్తం ఎంతైనా ఫర్వాలేదు, వస్తువు వస్తువుకే లెక్క. 30 డాలర్ల జీన్స్ పది కొన్నా పదింటికీ పన్ను ఉండదు. నోటు పుస్తకాలు, పెన్నులు, లంచ్ బాక్సులు, కాలిక్యులేటర్లు కూడా ఇందులోకి వస్తాయి. బడి సంచులైతే ఒక్కసారికి పది దాకా ఏ కాగితమూ చూపకుండా కొనుక్కోవచ్చు.

చేతి సంచులు, పర్సులు, గడియారాలు, గొడుగులు, నగలు, సూట్‌కేసులు, కుట్టించుకునే గుడ్డ, జిప్పులు... వీటికి పన్ను మామూలే. టెక్సాస్‌లో ల్యాప్‌టాప్‌కు కూడా సెలవు లేదు. 'ఆగస్టులో పన్ను లేదట కదా' అని ల్యాప్‌టాప్ కొనడానికి ఆగినవాళ్లు ఉత్తినే ఆగినట్టు.

ఒక్క సెంటు తేడా

100 డాలర్ల లోపు అంటే 99 డాలర్ల 99 సెంట్ల దాకా. సరిగ్గా వంద ఉన్నా వర్తించదు. పైగా వంద దాటితే దాటిన కాస్తకే కాదు, మొత్తం ధరకూ పన్ను పడుతుంది. 99.99 పెట్టి కొన్న బూట్లకు అంతే కట్టి బయటికొస్తాం. 100 డాలర్ల బూట్లకు 108.25 కట్టాలి. ఒక్క సెంటు దగ్గర ఎనిమిది డాలర్లకు పైగా తేడా.

ఇక్కడ కొన్ని కిటుకులున్నాయి.

దుకాణం వాళ్లిచ్చే తగ్గింపు పోగా మిగిలిన ధరనే చూస్తారు. 110 డాలర్ల బూట్లకు దుకాణం 20 డాలర్లు తగ్గిస్తే ధర 90 అయినట్టే, పన్ను లేదు. అదే 'ముందు మొత్తం కట్టండి, తర్వాత రిబేటు పంపుతాం' అంటే మాత్రం తగ్గింపు కింద లెక్క కాదు. కొన్ననాటి ధరే లెక్క.

'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అన్న బోర్డు చూసి మురిసిపోవద్దు. 120 డాలర్ల ప్యాంటు కొంటే రెండోది ఉచితం అనుకోండి. రెండు ప్యాంట్లు 120 కాబట్టి ఒక్కోటి 60 పడిందని మనం అనుకుంటాం. చట్టం అలా అనుకోదు. మొదటిది 120 కాబట్టి దానికి పన్ను కట్టాల్సిందే. అదే దుకాణం 'ఒక్కోటి సగం ధర' అని 60 చొప్పున అమ్మితే రెండింటికీ పన్ను లేదు. చేతికొచ్చే సరుకు అదే, కట్టే డబ్బులో దాదాపు పది డాలర్లు తేడా.

ఆన్‌లైన్‌లో కొన్నా సెలవు వర్తిస్తుంది. ఆ మూడు రోజుల్లో ఆర్డరు పెట్టి డబ్బు కట్టేస్తే, సరుకు తర్వాత వచ్చినా ఇబ్బంది లేదు. కాకపోతే ఇంటికి పంపే ఖర్చును కూడా ధరలో కలిపి చూస్తారు. 95 డాలర్ల జీన్స్‌కు పంపే ఖర్చు 10 అయితే 105 అయింది, పన్ను పడింది. చివరికి 113 డాలర్ల 66 సెంట్లు. పంపే ఖర్చు లేని చోట కొనడమో, దుకాణానికే వెళ్లి తెచ్చుకోవడమో మేలు.

ఇక రసీదు. రద్దీ రోజుల్లో కౌంటర్ యంత్రాల్లో పాత లెక్కే ఉండిపోయి పన్ను పడటం మేం చూశాం. ఇంటికెళ్లి చూసుకుంటే మళ్లీ పెట్రోలు ఖర్చు. కౌంటర్ దగ్గరే నిలబడి రసీదు చూసుకోవాలి. పన్ను పడితే మర్యాదగా అడిగితే తిరిగి ఇస్తారు. ఇంగ్లిషు సరిగా రాదని మొహమాటపడి ఊరుకునేవాళ్లే ఎక్కువ. రసీదు మీద పన్ను పడిన గీత దగ్గర వేలు పెట్టి 'టాక్స్ హాలిడే' అంటే చాలు.

సైటు మీద పనిచేసేవాళ్లకు

మనలాంటి పనివాళ్లకు పెద్ద ఖర్చు బూట్లు. ముక్కు దగ్గర ఇనుప కవచం ఉన్న బూట్లయినా, బయట మామూలుగా కూడా వేసుకోవడానికి పనికొచ్చేవైతే, 100 డాలర్ల లోపైతే ఆ మూడు రోజుల్లో పన్ను లేదు. కాంక్రీటు పోసేటప్పుడు వేసుకునే రబ్బరు బూట్లకు మాత్రం పన్ను ఉంది. హెల్మెట్లకు కూడా ఉంది. సుత్తి, డ్రిల్లు లాంటి పనిముట్లకు టెక్సాస్‌లో ఈ సెలవు వర్తించదు.

హెల్మెట్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. కార్మికుల భద్రత చూసే సమాఖ్య సంస్థ ఓషా 2007లో ఒక నిబంధన తెచ్చింది. 2008 నుంచి అది అమల్లో ఉంది. దాని ప్రకారం పనికి తప్పనిసరి అయిన హెల్మెట్, మామూలు భద్రతా కళ్లద్దాలు, ఎత్తు మీద కట్టుకునే హార్నెస్ వంటివి యజమాని తన ఖర్చుతో ఇవ్వాలి. జీతంలో పట్టుకోకూడదు. ఇనుప ముక్కు బూట్లు, రోజువారీ బట్టలు, చలికోటు వంటివి బయట కూడా వాడుకునేవి కాబట్టి వాటిని మనమే కొనుక్కోవాల్సి రావచ్చు. ఇచ్చిన హెల్మెట్ పోగొట్టుకుంటే మళ్లీ కొనివ్వాల్సిన పని వాళ్లకు లేదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఇది తెలియక సొంత డబ్బుతో హెల్మెట్లు, హార్నెస్‌లు కొనుక్కుంటుంటారు. వందకు ఎనిమిది ఆదా చేయడం కన్నా, అసలు కొనక్కర్లేనిది కొనకపోవడం పెద్ద ఆదా. సైటులో చేరిన మొదటి రోజే ఫోర్‌మన్‌ను అడగండి, ఏవి కంపెనీ ఇస్తుంది, ఏవి మనం తెచ్చుకోవాలి అని.

పనిముట్ల మీద సెలవు ఇచ్చిన రాష్ట్రం ఫ్లోరిడా. 2022, 2023, 2024 సంవత్సరాల్లో సెప్టెంబరు మొదట్లో ఏడేసి రోజులు 300 డాలర్ల లోపు కరెంటు పనిముట్లకూ, 50 డాలర్ల లోపు చేతి పనిముట్లకూ, 175 డాలర్ల లోపు పని బూట్లకూ పన్ను తీసేశారు. 2025లో ఆ సెలవు ఇవ్వలేదు. పాత కాగితాలు చూసి అక్కడి మనవాళ్లు ఆశపడకండి.

ఏప్రిల్‌లో ఒకటి, మేలో ఒకటి

టెక్సాస్‌లో ఆగస్టుదే అందరికీ తెలుసు. ఇంకో రెండున్నాయి. ఏప్రిల్ చివర్లో తుపాను సామాన్ల సెలవు వస్తుంది. 3,000 డాలర్ల లోపు జనరేటర్లు, 75 డాలర్ల లోపు బ్యాటరీలు, టార్చిలైట్లు, ఇంధనం డబ్బాలు వంటివి అందులో ఉంటాయి. హూస్టన్ వైపు ఉన్నవాళ్లకు ఇది బాగా అక్కరకొస్తుంది.

మే నెలాఖర్లో మెమోరియల్ డే సెలవులకు, కరెంటు పొదుపు చేసే ఎనర్జీ స్టార్ గుర్తున్న సామాన్లకు పన్ను ఉండదు. 2,000 డాలర్లకు మించని ఫ్రిజ్‌లు, 6,000 డాలర్లకు మించని ఏసీలు, సీలింగ్ ఫ్యాన్లు, బట్టలుతికే యంత్రాలు ఇందులో ఉన్నాయి. 900 డాలర్ల ఫ్రిజ్ కొంటే 74 డాలర్ల పాతిక సెంట్లు మిగులుతాయి. ఊరి నుంచి కుటుంబాన్ని తెచ్చుకుని కొత్తగా కాపురం పెట్టేవాళ్లు ఫ్రిజ్ ఏప్రిల్లో కొనే బదులు నాలుగు వారాలు ఆగగలిగితే మంచిది. ఆ గుర్తు లేనిది కొంటే మాత్రం పన్ను పడుతుంది.

మిగతా చోట్ల ఉన్నవాళ్లకు

టెనెసీలో జూలై ఆఖరి శుక్రవారం నుంచి మూడు రోజులు. 100 డాలర్ల దాకా బట్టలకే కాదు, 1,500 డాలర్ల దాకా కంప్యూటర్లకు కూడా పన్ను లేదు. ఫ్లోరిడాలో 2025లో చేసిన చట్టంతో ఆగస్టు నెలంతా సెలవే. అక్కడా సొంతానికి వాడుకునే 1,500 డాలర్ల దాకా కంప్యూటర్లు ఉన్నాయి. సౌత్ కెరొలైనాలో ఆగస్టు మొదటి శుక్రవారం మొదలయ్యే మూడు రోజుల్లో బట్టలకు, కంప్యూటర్లకు ధర పరిమితే లేదు. దుప్పట్లు, తువ్వాళ్లు కూడా వస్తాయి. ఒహాయోలో 2024లో పది రోజులు, 2025లో ఆగస్టు 1 నుంచి 14 వరకు, 500 డాలర్ల దాకా దాదాపు అన్ని వస్తువులకూ ఇచ్చారు. మసాచుసెట్స్‌లో ఆగస్టులో ఒక శని, ఆదివారాలు 2,500 డాలర్ల దాకా ఉన్న వస్తువులకు వర్తిస్తుంది.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో బట్టలకు ఏడాది పొడుగునా పన్ను లేదు. నార్త్ కెరొలైనాలో 2013 తర్వాత, జార్జియాలో 2016 తర్వాత ఈ సెలవులు ఆపేశారు. అట్లాంటాలో ఉన్న బంధువులు 'మాకెప్పుడు?' అని ఫోన్ చేస్తుంటారు, మేమేం చెప్పగలం!

డెలవేర్‌లో సేల్స్ టాక్స్ అనేదే లేదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా మనవాళ్లు ఫోన్లకూ, ల్యాప్‌టాప్‌లకూ అక్కడికి కార్లు కట్టుకుని వెళ్తుంటారు. ఒక మాట గుర్తుంచుకోవాలి. అక్కడ కొని తెచ్చి సొంత రాష్ట్రంలో వాడుకుంటే 'యూజ్ టాక్స్' పేరుతో ఆ పన్ను సొంత రాష్ట్రానికి కట్టాలని చట్టం. దాని మీద పెట్రోలు, టోలు కలిపితే మిగిలేదెంతో ముందే లెక్కేసుకోండి.

అసలు లెక్క

రెండు బడి సంచులు 70, పుస్తకాలు పెన్నులు 60, ఇద్దరు పిల్లల బట్టలు 144, వాళ్ల బూట్లు 80, మనకు మూడు జీన్స్ 90, పని బూట్లు 95, ఇంటావిడకు చలిబట్టలు 61. మొత్తం 600 డాలర్లు. ఆ మూడు రోజుల్లో కొంటే 49 డాలర్ల 50 సెంట్లు మిగులుతాయి. ఊళ్లో అది నాలుగు వేల రూపాయలకు పైమాటే. అమ్మానాన్నల బీపీ, షుగరు మందులకు సరిపోతుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. దుకాణాల వాళ్లు ఆ మూడు రోజులు ఊరికే పన్ను మాఫీ బోర్డులు కట్టరు. ఒకసారి లోపలికొచ్చినవాడు జాబితాలో లేనివి కూడా తీసుకుంటాడని వాళ్లకు తెలుసు. పన్ను లేదు కదా అని 150 డాలర్ల అదనపు సరుకు బండిలో వేశామంటే, మిగిలిన 49 పోయి, ఇంకో వంద చేతి నుంచి పడ్డట్టే. ట్యాక్స్ ఫౌండేషన్ వంటి సంస్థలు ఈ సెలవులే వద్దంటూ వాదిస్తుంటాయి. జనం కొత్తగా కొనేదేమీ ఉండదనీ, వేరే రోజు కొనాల్సింది ఆ రోజుకు జరుపుతారనీ వాళ్ల మాట. మనకు అదే మంచిది. ఎలాగూ కొనాల్సింది ఆ రోజుకు జరపడమే మన పని, కొత్తవి చేర్చడం కాదు.

ఇంకోటి. పన్ను మాఫీ అంటే 8.25 శాతం తగ్గింపు కన్నా తక్కువే. 90 డాలర్ల బూట్లు ఆ మూడు రోజుల్లో 90కే వస్తాయి. అవే బూట్లు నెల తర్వాత నాలుగో వంతు తగ్గింపులో 67.50కి వస్తే, పన్ను కలిపినా 73 డాలర్ల 7 సెంట్లు. బడి సామాను ఆగదు, అది ఆగస్టులోనే కొనాలి. చలికోట్లు, పండగ బట్టలు మాత్రం తర్వాత తగ్గింపుల్లో చవగ్గా దొరకొచ్చు. మా అపార్టుమెంట్లలో జూలై చివర్లోనే కాగితం మీద రాసుకుంటాం. ధర చూసి పక్కన రాస్తాం. ఆ మూడు రోజుల్లో ఆ ధర పెంచారేమో పోల్చి చూస్తాం. కాగితంలో లేనిది బండిలోకి రాదు.

ఎప్పుడూ పన్ను లేని సరుకులకు సెలవు దాకా ఆగనే అక్కర్లేదు. టెక్సాస్‌లో బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు లాంటి వంట సరుకులకు, మందులకు ఏడాదంతా పన్ను లేదు. పసిపిల్లల డైపర్లు, పాలసీసాలు, గర్భిణులు వేసుకునే బట్టల మీద 2023 సెప్టెంబరు 1 నుంచి పన్ను తీసేశారు.

మిగిలింది ఇంటికి చేరేదాకా

2026 జనవరి 1 నుంచి అమెరికా నుంచి నగదు రూపంలో, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు రూపంలో విదేశాలకు పంపే డబ్బు మీద 1 శాతం పన్ను వచ్చింది. మన బ్యాంకు ఖాతా నుంచి గానీ, ఇక్కడి బ్యాంకు డెబిట్, క్రెడిట్ కార్డుతో గానీ పంపితే ఈ పన్ను లేదు. చెక్కు మార్చుకుని, నగదు పట్టుకుని పంపే కౌంటర్ దగ్గర నిలబడే అలవాటు మన పనివాళ్లలో ఇంకా ఉంది. నెలకు 500 డాలర్లు అలా పంపితే ఏడాదికి 60 డాలర్లు పోతాయి. ఆగస్టులో చెమటోడ్చి, వరసలో నిలబడి మిగుల్చుకున్న 49 డాలర్ల 50 సెంట్ల కన్నా అది ఎక్కువ. బ్యాంకు ఖాతా లేనివాళ్లు ముందు ఖాతా తెరవండి. కాగితం రాసుకోవడం, రసీదు చూసుకోవడం, పంపే దారి చూసుకోవడం... ఈ మూడూ ఒకదానికొకటి తోడైతేనే మనం ఇక్కడ కాళ్లు కాయలు కాసేలా సంపాదించింది అక్కడ మనవాళ్ల చేతిలో నిండుగా పడుతుంది.